చేతులెత్తి తిన్న అన్నం

హాస్పిటల్లో పనిచేసేవాళ్ళంత చేతకాని రోగులు ఇంకెక్కడా ఉండరు. ఢిల్లీలో ఇరవై ఆరేళ్ళు నర్సుగా చేసి నేను తేల్చుకున్న సంగతి ఇది. మాకు జబ్బు చేస్తే పర్చీ, అంటే ఓపీ చీటీ, తీసుకోం. వరసలో నిలబడం. మా పేరున ఫైలుండదు. లిఫ్టు దగ్గర ఏ డాక్టరు దొరికితే ఆ డాక్టర్ని పట్టుకుని "సర్, ఒక్క నిమిషం" అంటాం. ఆయన లిఫ్టు ఎన్నో అంతస్తులో ఉందో చూస్తూ ఒక మందు పేరు చెబుతాడు. తలుపు తెరుచుకుంటుంది, ఆయన వెళ్ళిపోతాడు. దాన్ని మేం వైద్యం అనుకుంటాం. పైగా అదొక గొప్ప. బయట జనం పొద్దున్నే వచ్చి ఎండలో వరస కడుతుంటే, మాకు మాత్రం పెద్ద డాక్టరు నిలబడి మరీ చెప్పాడని టిఫిన్ డబ్బాలు విప్పుకుంటూ చెప్పుకుంటాం.

నేనూ అదే బాపతు. రెండేళ్ళపాటు నా అన్నవాహికకు జరిగిన వైద్యమంతా లిఫ్టు దగ్గరే జరిగింది.

మొదలైంది డ్యూటీ మధ్యలో, మధ్యాహ్నం భోజనం దగ్గర. పప్పన్నం ముద్ద మింగాను. అది గొంతు దాటింది, రొమ్ము ఎముక వెనక్కి వెళ్ళింది, అక్కడ కూర్చుంది. నీళ్ళు తాగాను. నీళ్ళు వెళ్ళి దాని మీద కూర్చున్నాయి. లేచి, ఛాతీ మీద గుద్దుకుని, నాలుగడుగులు వేస్తే ఎప్పటికో జారింది. తొందరగా తిన్నానులే అనుకున్నాను. వారం తిరక్కుండా మళ్ళీ అదే. నెల తిరిగేసరికి రోజూ అదే. చపాతీ, ఇడ్లీ, అన్నం, చివరికి టీ, అన్నింటిదీ ఒకటే దారి, ఒకటే మజిలీ.

ఇక్కడొక సంగతుంది. లోపల గడ్డ పెరుగుతుంటే ముందు గట్టి పదార్థాలు ఆగుతాయి, తర్వాత మెత్తనివి, ఎప్పటికో నీళ్ళు. నాకు మొదటిరోజే అన్నమూ ఆగింది, నీళ్ళూ ఆగాయి. అంటే ఇది వేరే జబ్బు కావచ్చు. నర్సింగ్ పుస్తకాల్లోనే ఉంటుంది ఈ తేడా. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఆ చదువంతా ఏ గంగలో కలిసిందో, నా ఛాతీ దగ్గరికొచ్చేసరికి ఒక్క ముక్క గుర్తుకు రాలేదు.

నిజం చెప్పాలంటే గుర్తుకు రానివ్వలేదు. మా అమ్మ అన్నం దిగకే పోయింది. మాది గుంటూరు జిల్లాలో ఒక పల్లె. నేను నర్సింగ్ రెండో ఏడు చదువుతూ సెలవులకు ఇంటికెళ్తే అమ్మకు గంజి కూడా దిగట్లేదు. ఊళ్ళో ఆర్ఎంపీ నోరు తెరవమని టార్చి వేసి చూశాడు. "గొంతు క్యాన్సరమ్మా. ఇంక పెద్దాసుపత్రులకి తిప్పినా లాభం లేదు" అన్నాడు. ఆ ఒక్క మాటతో నాన్నా, నేనూ, చుట్టాలూ అందరం చేతులు ముడుచుకున్నాం. మూడు నెలలు పట్టింది. మా అమ్మ భక్తి ఊరంతటికీ తెలుసు. అన్నం దగ్గర కూడా స్తోత్రం మానని మనిషి. అంత భక్తికీ చివర దొరికింది ఇదా అని నాకు ఒళ్ళు మండింది. స్పూనుతో గంజి పోసింది నేనే, పోసింది పోసినట్టే బయటికి రావడం చూసిందీ నేనే.

కాబట్టి ముద్ద ఆగిన మొదటి వారంలోనే నా జబ్బు పేరు నేనే పెట్టేసుకున్నాను. ఫైలు తెరిస్తే అందులో క్యాన్సర్ అని రాస్తారు. తెరవకపోతే రాయరు. ఇదీ నా తెలివి. వార్డుకు ఆలస్యంగా వచ్చిన రోగుల మీద "ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారు, నిద్రపోతున్నారా?" అని కేకలేసిన నోరు నాదే.

సరే, లిఫ్టు వైద్యం. మెడిసిన్ డాక్టరు గ్యాస్ అన్నాడు. పరగడుపున గ్యాస్ బిళ్ళ వేసుకోమన్నాడు. వేసుకున్నాను, తగ్గలేదన్నాను. "తో సుబహ్ శామ్ లీజియే, సిస్టర్" అన్నాడు. పొద్దునా సాయంత్రం వేసుకున్నాను. చెవి ముక్కు గొంతు డాక్టరు టెన్షన్ అన్నాడు. ఆడవాళ్ళ డాక్టరమ్మ, ఆవిడా ఆడదే కదా, "ఈ వయసులో ఇవన్నీ మామూలే" అంది. ఏ వయసులో అన్నం దిగకపోవడం మామూలో చెప్పలేదు, లిఫ్టు వచ్చేసింది. ఛాతీ పట్టేసిన రోజు జూనియర్ నర్సు చేత ఈసీజీ తీయించుకున్నాను. ఆ కాగితం మీద నా పేరు కూడా రాయించలేదు. గుండె డాక్టరు నడుస్తూనే దాన్ని చూసి, బాగానే ఉందని నడుస్తూనే తిరిగిచ్చాడు. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, కూర్చోమనలేదు. ఒక్కరు కూడా నీళ్ళు ఆగుతున్నాయా అని అడగలేదు. నేనూ చెప్పలేదనుకోండి. చెబితే గొట్టం వేసి చూద్దామంటారని భయం. అడిగే ఓపిక వాళ్ళకు లేదు, చెప్పే ధైర్యం నాకు లేదు. ఇద్దరికీ బాగా కుదిరింది.

పొద్దున లేచేసరికి దిండు మీద తువ్వాలు తడిసి ఉండేది. ముందురోజు తిన్న పప్పు, మెతుకులు. పులుపు లేదు, చేదు లేదు, తిన్నది తిన్నట్టే. అంటే అది కడుపు దాకా పోనేలేదు. కడుపులోకే వెళ్ళని అన్నానికి కడుపులో గ్యాస్ తగ్గించే బిళ్ళ మింగుతున్నాను. ఆ బిళ్ళ కూడా మధ్యలోనే ఆగేది. ఇంతకంటే వెర్రిబాగులతనం ఉంటుందా?

మా ఆయన కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో సెక్షన్ ఆఫీసరు. దేశంలో ఫైళ్ళన్నీ చదివే మనిషి, ఎదురుగా కూర్చున్న పెళ్ళాం మొహం చదవలేడు. "ఏంటి, డైటింగా? మంచిదేలే, బీపీ రాకుండా ఉంటది" అన్నాడు. ఇంకోరోజు కంచంలో సగం వదిలేసి లేస్తే, "చుట్టూ అంతమంది డాక్టర్లని పెట్టుకుని నన్నడుగుతావేంటే" అన్నాడు. నేను అడగనే లేదు.

తినడానికి నేనొక పద్ధతి కనిపెట్టుకున్నాను. నిలబడాలి. ముద్ద మింగి, దాని మీద ఒక గుక్క గోరువెచ్చటి నీళ్ళు తాగి, రెండు చేతులూ పైకెత్తి, మెడ వెనక్కి వంచి, ఊపిరి బిగబట్టాలి. అప్పుడు లోపల ఎక్కడో తలుపు ఓరగా తెరుచుకున్నట్టయి ముద్ద జారేది. కళ్ళల్లోంచి నీళ్ళు కారేవి. ఇంట్లో అందరి భోజనాలూ అయ్యాక వంటింట్లో, డ్యూటీలో స్టోర్ రూము తలుపేసుకుని అలాగే తినేదాన్ని. చిక్కంతా ఆదివారంతో వచ్చింది.

మా తెలుగు క్రైస్తవ సంఘం ఢిల్లీలోని ద్వారకలో ఒక హాల్లో కూడుతుంది. కోస్తా జిల్లాల నుంచి వచ్చిన కుటుంబాలే ఎక్కువ. ఆడవాళ్ళలో సగం మంది నర్సులు. నెలకోసారి ఆరాధన అయ్యాక ప్రేమవిందు ఉంటుంది, అంటే అందరం అక్కడే కలిసి భోంచేస్తాం. ఒక ప్రేమవిందులో కోడికూర ముక్క ఆగింది. పారిపోదామంటే తలుపు దగ్గర జనం. గోడ వైపు తిరిగి నిలబడి, చేతులెత్తి, మొహం పైకెత్తి కళ్ళు మూసుకున్నాను. బుగ్గల మీద నీళ్ళు కారుతున్నాయి. వెనక నుంచి పాస్టరమ్మగారు "స్తోత్రం!" అంది. ఆవిడ వెనక ఇంకో నలుగురు "స్తోత్రం, స్తోత్రం" అన్నారు.

ముక్క జారింది. తిరిగి చూసేసరికి అందరి మొహాల్లోనూ గౌరవం.

"అన్నం దగ్గర కూడా ఇంత కృతజ్ఞతా తల్లీ! మేం ప్లేటు చూస్తే దేవుణ్ణే మర్చిపోతాం" అంది పాస్టరమ్మగారు కళ్ళొత్తుకుంటూ.

అప్పుడే నోరు తెరిచి చెప్పాల్సింది. తల దించుకున్నాను. దాన్ని వినయం అనుకున్నారు.

తర్వాతంతా దానంతటదే నడిచింది. చిక్కిపోతున్నాను కాబట్టి ఉపవాసాలు ఉంటున్నానన్నారు. కొంచెమే వడ్డించుకుంటే శరీరాన్ని లోబరుచుకుంటున్నానన్నారు. చేతులెత్తితే ఆత్మలో ఉన్నానన్నారు. వాళ్ళ స్తోత్రాల మధ్య నా ముద్దలు దిగేవి. చివరికి శుక్రవారం ఆడవాళ్ళ ఉపవాస కూటానికి నన్నే నాయకురాలిని చేశారు. ముప్పై మంది నర్సులు కూర్చునే హాలండీ అది! వార్డులో రోగి రెండు కిలోలు తగ్గితే చార్టులో రాసి డాక్టరుకు చూపించేవాళ్ళు. అరవై ఎనిమిది కిలోల మనిషి యాభై ఒకటికి దిగి ఎదురుగా నిలబడితే, "సిస్టర్ గారి మొహంలో ఎంత తేజస్సు వచ్చిందో" అన్నారు. తేజస్సూ లేదు, పాడూ లేదు, బుగ్గలు పోయి ఎముకలు మెరుస్తున్నాయి. జాకెట్టు వదులై పిన్నులు పెట్టుకుంటున్నానని ఏ ఒక్కతీ చూడలేదు.

నాకు వాళ్ళంటే ఎంత చులకనో చెప్పలేను. శుక్రవారం శుక్రవారం ముందు కుర్చీలో కూర్చుని, వరసగా ఒక్కొక్క మొహమే చూస్తూ, ఇవి కళ్ళా గాజు గోళీలా అని లోపల తిట్టుకునేదాన్ని. అలాగని ఆ కుర్చీ దిగానా? లేదు. క్యాన్సర్ మనిషి అనిపించుకోవడం కంటే పరిశుద్ధురాలు అనిపించుకోవడం సుఖం. ఇంట్లో కూడా అదే చెప్పాను, ఉపవాసం అని. మా ఆయనకు ఆ జవాబు బాగా నచ్చింది.

మా అమ్మాయి ధౌలా కువాన్ దగ్గర కాలేజీలో చదువుతోంది. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనే. నాతో చర్చికి వస్తుంది కానీ వెనక వరసలో కూర్చుని ఫోను చూసుకుంటుంది. దానికి భక్తీ లేదు, పెద్దలంటే లెక్కా లేదని దాని మీదా నాకు చిన్నచూపే.

ప్రభువు బల్ల తీసుకునే ఆదివారం వచ్చింది. బొటనవేలి గోరంత రొట్టె ముక్క నోట్లో పెట్టుకున్నాను. చిన్న గ్లాసులో ద్రాక్షరసం, గుక్కెడు కూడా ఉండదు. రెండూ ఆగాయి. అందరూ తలలు వంచుకుని మౌనంగా ఉన్న సమయం. చేతులెత్తాను, దిగలేదు. మెడ వంచాను, దిగలేదు. రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఆ గోరంత రొట్టె, ఆ కాస్త రసం, వాటితోపాటు పొద్దున తాగిన టీ కూడా రుమాల్లోకి వచ్చేశాయి. మడిచి బ్యాగులో పెట్టుకున్నాను. నా గుండె కరిగిపోతోందనుకుని పక్కావిడ నా భుజం నిమిరింది.

ఇంటికొచ్చాక అమ్మాయి నా బ్యాగు తెరిచి, రుమాలు తీసి, డైనింగ్ టేబుల్ మీద వాళ్ళ నాన్న ముందు పెట్టింది.

"యే ఫాస్టింగ్ నహీ హై, పాపా. మమ్మీసే నిగలా నహీ జా రహా."

ఇది ఉపవాసం కాదు, అమ్మకు మింగుడు పడట్లేదు అని దాని మాట. మా ఆయన రుమాలు వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"గ్యాసే. మందులు వాడుతూనే ఉన్నా" అన్నాను.

"కిస్‌నే దియా? పర్చీ దిఖావో."

ఇరవై ఆరేళ్ళ సర్వీసున్న నన్ను, మందులు ఎవరిచ్చారో పర్చీ చూపించమంటోంది. ఉంటే కదా.

"నేను స్టాఫ్‌నే. నాకు పర్చీలేంటే?"

"కల్ ఆప్ స్టాఫ్ నహీ హో, మమ్మీ. కల్ ఆప్ పేషెంట్ హో."

రేపు నువ్వు రోగివి, అంతే అంది. మా హాస్పిటల్ వద్దు, అక్కడైతే మళ్ళీ లిఫ్టు దగ్గరే ఆగిపోతావు, వేరేచోటికి వెళ్దామంది. అప్పటికే నా పేరు, వయసు కొట్టి ఆన్‌లైన్లో పర్చీ తీసేసింది. చర్చిలో బల్ల అయ్యాక అది ఫోనులో తల దూర్చి చేసింది ఆ పనే. నేనేమో ఇది ఇక బాగుపడదని విసుక్కుంటూ కూర్చున్నాను.

"అమ్మమ్మకి వచ్చిందే నాకూ వస్తే?" అన్నాను. రెండేళ్ళలో పైకి అనడం అదే మొదటిసారి. అది కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. మా ఆయన "ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదే" అన్నాడు.

మర్నాడు సెలవు పెట్టి, జీవితంలో మొదటిసారి ఓపీడీ వరసలో నిలబడ్డాను. రెండున్నర గంటలు. లోపల సిస్టర్ ఎవరినో కసురుతోంది. ఆ కసురు నాకెంత బాగా తెలుసో! డాక్టరు చిన్నపిల్ల, హర్యానా యాస, జుట్టు కూడా సరిగ్గా దువ్వుకోలేదు. ఇది నాకేం చెబుతుందిలే అనుకున్నాను. కూర్చోమంది. నీళ్ళు కూడా ఆగుతాయా అని అడిగింది.

"ఆగుతాయి."

"ఎప్పట్నుంచి?"

"మొదటిరోజు నుంచి."

ఆ పిల్ల పెన్ను కింద పెట్టింది. బయటికి వచ్చేది పుల్లగా ఉంటుందా అంది. ఉండదన్నాను. మరి ఎలా తింటున్నారంది. లేచి నిలబడి, చేతులెత్తి, మెడ వెనక్కి వంచి చూపించాను. వెనకాల మా అమ్మాయి ముక్కు చీదుకోవడం వినిపించింది. డాక్టరు మాత్రం ఏమీ ఆశ్చర్యపోలేదు. ఈ జబ్బున్నవాళ్ళు చాలామంది ఇలాగే చేతులెత్తుతారు, ఎవరికి వాళ్ళే కనిపెట్టుకుంటారు అంది. నేనొక్కదాన్నే కనిపెట్టాననుకున్న విద్య అది.

ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉండేదా అంది. అమ్మకు గొంతు క్యాన్సర్ అన్నాను.

"బయాప్సీ తీశారా?"

"లేదు."

"ఎండోస్కోపీ?"

"లేదు. ఊళ్ళో ఆర్ఎంపీ టార్చి వేసి చూశాడు."

"టార్చికి అన్నవాహిక కనపడదు కదా, సిస్టర్" అంది నెమ్మదిగా. కాగితం మీద తల్లి అని ఉన్నచోట ఏదో రాసింది. నేను బల్లకు ఇవతలి నుంచే చదివాను. తెలియదు అని రాసింది. నాకు కోపం ముంచుకొచ్చింది. అమ్మకు గంజి పోసింది నేనా, ఇదా?

ముందు ఎండోస్కోపీ. గడ్డ లేదని తేలితేగానీ మిగతా మాటల్లేవంది. రెండు రోజులు నీళ్ళ పదార్థాలే తాగి వెళ్ళాను. మత్తు వదిలి కళ్ళు తెరిచి మా అమ్మాయి మొహం వెతుక్కున్నాను. "గాంఠ్ నహీ హై, మమ్మీ. గడ్డ లేదు" అంది. దాని నోట తెలుగు మాట వినడం ఎన్నాళ్ళకో! పడుకునే ఏడ్చాను, ముక్కు కారేలా ఏడ్చాను. మా ఆయన బయట కుర్చీలో నా కాగితాలకు ట్యాగు కట్టి, పేజీల మీద నంబర్లు వేస్తున్నాడు. ఆయనకు చేతనైంది అదే, వేయనిచ్చాను.

గడ్డ లేదు కానీ, రెండు రోజుల క్రితం తిన్న మెతుకులు ఇంకా అన్నవాహికలోనే ఉన్నాయట. తర్వాత నిలబెట్టి సున్నపు నీళ్ళలాంటి బేరియం తాగించి ఎక్స్‌రేలు తీశారు. పైన లావుగా ఉబ్బి, కిందికొచ్చేసరికి సన్నగా మొనదేలింది నా అన్నవాహిక. పుస్తకాల్లో దాన్ని పక్షి ముక్కు అంటారు. నాకు మాత్రం మా కాలనీ కూరగాయల బండి మీది ముల్లంగి కనిపించింది. ఆఖరున మానోమెట్రీ, అంటే మింగే బలం కొలిచే పరీక్ష. ముక్కులోంచి సన్నటి గొట్టం కడుపు దాకా దించి, పడుకోబెట్టి, పది సార్లు ఒక్కో గుక్క నీళ్ళు మింగించారు. మామూలు మనిషి మింగితే తెరమీద ఒక రంగుపట్టీ పైనుంచి కిందికి జారుతుంది, కింద ద్వారం తెరుచుకుంటుంది. నాకు పట్టీ జారలేదు, ద్వారం తెరుచుకోలేదు. పదింటికి పది సున్నాలు. చదువుకునే రోజుల్లో కూడా నాకిన్ని సున్నాలు రాలేదు.

అకలేజియా అంది డాక్టరు. అన్నాన్ని కిందికి నెట్టే నరాలు చచ్చిపోతాయి. గొట్టం నెట్టదు, కింద ద్వారం వదులవదు. ఎందుకొస్తుందో గట్టిగా ఎవరూ చెప్పలేరు. చచ్చిన నరాలు తిరిగి రావు. ద్వారాన్ని వదులు చేయడమొక్కటే వైద్యం. బుడగ పెట్టి సాగదీయొచ్చు, పొట్ట మీద చిన్న గాట్లు పెట్టి కండరాన్ని కోయొచ్చు, లేదా నోట్లోంచే గొట్టం పంపి, లోపలి పొర కింద దారి చేసుకుని, బిగుసుకున్న కండరాన్ని లోపలి నుంచే కోయొచ్చు. నాకు మూడోది మంచిదంది. మరి గ్యాస్ బిళ్ళలు అన్నాను. "వాటికీ దీనికీ సంబంధం లేదు" అంది. ఏడు వందల రోజులు రెండు పూటలా మింగానమ్మా ఆ సంబంధం లేనివి!

చేయించుకున్నాను. మర్నాడు రంగు మందు తాగించి ఎక్కడా కారడం లేదని చూసుకుని, ముందు నీళ్ళిచ్చారు. నీళ్ళు వెళ్ళిపోయాయి. గొంతు దాటినవి దాటినట్టే, ఎక్కడా కూర్చోకుండా, ఎవరి అనుమతీ అడక్కుండా వెళ్ళిపోయాయి. కొన్నాళ్ళకు పెరుగన్నం తిన్నాను, కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని. ఇప్పటికీ నా గొట్టం నెట్టదు, అన్నం దాని బరువుకు అదే జారాలి. తిన్నాక నీళ్ళు తాగాలి, వెంటనే పడుకోకూడదు. కోసిన ద్వారం గట్టిగా మూసుకోదు కాబట్టి ఇప్పుడు కడుపులో పులుపు నిజంగానే పైకి తంతుంది. దానికి పరగడుపున గ్యాస్ బిళ్ళ రాశారు. ఈసారి పర్చీ మీద.

కిలోలు తిరిగొచ్చాయి. బుగ్గలొచ్చాయి. శుక్రవారం కూటం మానేశాను. ఆపరేషన్ అయిందని మాత్రం అందరికీ తెలుసు, దేనికో ఎవరూ సరిగ్గా అడగలేదు. నాలుగు నెలల తర్వాత ప్రేమవిందులో కూర్చుని కోడికూర రెండోసారి వడ్డించుకుంటుంటే పాస్టరమ్మగారు వచ్చి ఎదురు కుర్చీలో కూర్చుంది.

"ఏంటమ్మా, ఈమధ్య చేతులెత్తడమే లేదు? ఒంట్లో బాగయ్యేసరికి విశ్వాసం చల్లబడిందా?"

నా చేతిలో ముద్ద అలాగే ఉంది. రెండేళ్ళ కడుపుమంట నోట్లోకి వచ్చింది.

"అది స్తోత్రం కాదు అమ్మగారూ. ముద్ద దిగక ఎత్తాను. ఒక్క పూట కూడా ఉపవాసం ఉండలేదు నేను. తిండి దిగక ఎండిపోయాను. ముప్పై మంది నర్సులున్నారిక్కడ. రోజూ రోగుల్ని చూసే కళ్ళేగా? నా చేతులు చూశారు, నా కళ్ళనీళ్ళు చూశారు, తింటున్నావా అని ఒక్కరడిగారా? స్తోత్రం, స్తోత్రం! మనిషి చచ్చిపోతుంటే స్తోత్రమా?"

ప్లేట్లు పట్టుకున్నవాళ్ళంతా నా వైపు తిరిగారు. నా మాటలు సరిగ్గా తగిలినందుకు, సిగ్గు లేకుండా చెబుతున్నాను, నాకు హాయిగా ఉంది. పాస్టరమ్మగారి మొహం ఎర్రబడింది. పెద్దావిడ, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"మాకేం తెలుసు తల్లీ" అంది. "అన్నం దగ్గర నిలబడి, చేతులెత్తి, కన్నీళ్ళు పెట్టుకునే మనిషిని చూస్తే ఎవరైనా ఏమనుకుంటారు? నువ్వైతే ఏమనుకునేదానివి?"

నేనైతే పట్టేసేదాన్ని అనబోయాను. నోరు తెరిచాను కూడా.

మా అమ్మ ఏనాడూ మాతో కూర్చుని తినలేదు. అందరికీ పెట్టాక పొయ్యి పక్కన నిలబడి తినేది. ఒక ముద్ద, చెంబెత్తి రెండు గుక్కల నీళ్ళు, ఆ తర్వాత రెండు చేతులూ పైకి. మొహం ఇంటి కప్పు వైపు. చెంపల మీద నీళ్ళు. నేనప్పుడు ఐదో తరగతి. ఐదో తరగతి నుంచి నర్సింగ్ రెండో ఏడు దాకా తొమ్మిదేళ్ళు. క్యాన్సర్ తొమ్మిదేళ్ళు ఆగదు. ఆ హర్యానా పిల్ల రాసిందే నిజం. మా అమ్మకు వచ్చిందేమిటో ఎవరికీ తెలియదు, ఎవరూ చూడలేదు కనుక.

పాస్టరమ్మగారు జవాబు కోసం నా మొహంలోకే చూస్తోంది. నేను ముద్ద కంచంలో పెట్టేశాను.

బడి నుంచి వచ్చి, పుస్తకాల సంచి భుజాన ఉండగానే వంటింటి గడపలో నిలబడి, అమ్మ ఎత్తిన చేతులు చూసి నేను గట్టిగా "స్తోత్రం!" అనేదాన్ని. అమ్మ మాట్లాడేది కాదు. తల ఊపేది.